ఏడో బోర్డు చివరి దీపం

రిహార్సల్ గది,
సోమవారం

ఫోనంటే పడని మా అత్తకి,

ఈ రోజుల్లో ఉత్తరాలు రాస్తున్నానని మా నాటకం వాళ్ళంతా నన్ను చూసి నవ్వుతున్నారు. మా అత్త టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసిందనీ, అందుకే ఇంట్లో ఫోన్ పెట్టుకోదనీ చెబితే ఒక్కరూ నమ్మరు. "ఫోన్లో మాట్లాడితే మధ్యలో ఎవరో ఒకరు వింటారురా, నేనే విన్నాను కదా" అని నువ్వు నాన్నతో అన్న మాట చెప్పాను. అప్పుడు నమ్మారు. నమ్మి ఊరుకోకుండా నిన్ను నాటకంలో పెట్టాల్సిందే అన్నారు. ఆ పని నేనెప్పుడో మొదలుపెట్టేశాను. తిట్టే ముందు ఉత్తరం చివరిదాకా చదువు.

మీ పాత ఎక్స్చేంజి భవనంలో పై అంతస్తు ఖాళీగా పడి ఉంది. కొన్నాళ్ళు నాటకాలు వేసుకోమని మాకిచ్చారు. గోడ మీద మీ బోర్డులు పీకేసిన మచ్చలు ఇంకా పోలేదు. వాటిని చూస్తూ కూర్చుంటే నాకు వేరే కథేం తోస్తుంది? మీరంతా నోరు మెదపకుండా కూర్చున్న ఆ రోజునే నాటకం చేస్తున్నాను. ఆ రోజు గురించి పాత పేపర్లో వెతికితే, సాంకేతిక లోపం వల్ల టెలిఫోన్లకి కొంత అంతరాయం కలిగిందని ఒక మూల రాసి ఉంది. మీరంతా కలిసి ఒక సాంకేతిక లోపమట! నాకు ఒళ్ళు మండిపోయింది.

మా పద్ధతి నీకు చెప్పాలి. మేం ఒకే రోజు నాటకాన్ని రెండుసార్లు ఆడతాం. మొదటిసారి జరిగింది జరిగినట్టు. రెండోసారి ఆడుతుంటే, చూస్తున్నవాళ్ళలో ఎవరైనా "ఆగండి" అనొచ్చు. అన్నవాళ్ళు పైకొచ్చి, తమకి నచ్చిన పాత్రని లేపి, ఆ చోట తాము నిలబడి, ఇలా కాదు, అలా జరగాల్సింది అని ఆడి చూపించాలి. ఉపన్యాసాలు కుదరవు. మిగతా నటులు ఆ కొత్త మనిషికి తగ్గట్టు ఆడాలి. దాంతో మా వాళ్ళ తల ప్రాణం తోకకొస్తుంది గానీ, చూసేవాళ్ళు ఇంటికెళ్ళాక కూడా ఆ గొడవే మాట్లాడుకుంటారు. నాకు కావలసింది అదే.

కాబట్టి చెప్పు. ఆ గది ఎలా ఉండేది? ఎవరెక్కడ కూర్చునేవారు? అసలు ఆ రోజు ఏం జరిగింది? నాన్ననడిగితే "మీ అత్త ఆ విషయం ఎత్తితే కుర్చీ తీసుకుని కొడుతుంది" అన్నాడు. ఉత్తరంలో కుర్చీ పట్టదు కదా, అందుకే ధైర్యం చేశాను.

నీ పిచ్చుక

*

మేడ మీద గది,
కింద దర్జీ మిషన్ మోత మధ్య

పిచ్చుకా,

మీ నాన్నకి చెప్పు, కుర్చీ కాదు, స్టూలు. మాకు కుర్చీలిచ్చిందెవరు?

నువ్వడిగావు కాబట్టి గది సంగతి చెబుతాను. మిగతాది నీ తెలివితేటల మీద వదిలేస్తాను. పొడుగాటి గది. ఒక గోడ పొడవునా పక్కపక్కనే బోర్డులు. ఒక్కొక్కరికి ఒక్కో బోర్డు. మాకు పేర్లుండేవి గానీ ఎవరూ పిలిచేవారు కాదు. బోర్డు నంబరే పేరు. నేను నాలుగు. బోర్డు మీద వరసలుగా చిన్న దీపాలు, ప్రతి దీపం కింద ఒక రంధ్రం. ఊళ్ళో ఎవరైనా ఫోనెత్తితే వాళ్ళ దీపం వెలుగుతుంది. మనం తీగ తీసి ఆ రంధ్రంలో గుచ్చి, "నంబర్ చెప్పండి" అనాలి. వాళ్ళు చెప్పిన నంబరు రంధ్రంలో రెండో తీగ గుచ్చాలి. అంతే పని. రోజంతా అదే పని. ముఖం బోర్డు వైపే ఉండాలి. తల పక్కకి తిప్పితే వెనకాల తిరిగే సూపర్వైజరు వచ్చి భుజం మీద తట్టేది. గట్టిగా కాదులే, గుర్తుండిపోయేటంత.

పనిలో పడి నవ్వుకోవడానికి కూడా కొన్ని ఉండేవి. ఏడో బోర్డు పై వరసలో చివరి దీపం రోజూ పొద్దున ఒకే వేళకి వెలిగేది. అది గడియారాలు బాగుచేసే ఒక తాతగారిది. చూపు పోయింది, ఒంటరి మనిషి. టైమెంతయిందని అడగడానికి ఫోన్ చేసేవాడు. గడియారాలాయనకి టైము చెప్పడానికి ఏడో నంబరుకి జీతమిస్తున్నారని మేం ఆటపట్టించేవాళ్ళం.

ఇంక ఆ రోజు సంగతి. పెళ్ళయితే ఉద్యోగం మానెయ్యాలని మాకు రూలు. మగవాళ్ళకి లేదు, మాకే. దాన్ని తీసెయ్యమని అడిగి అడిగి విసిగిపోయాం. పని ఆపితే వేరేవాళ్ళని తెచ్చి కూర్చోబెడతారు. అందుకని చేతులు పనిచెయ్యాలి, నోరు మాత్రం పనిచెయ్యకూడదు అనుకున్నాం. ఆ ఆలోచన నాదే. దీపం వెలిగితే తీగ గుచ్చుతాం, కానీ ఒక్క మాట మాట్లాడం. తెలివైనవాళ్ళు తామే నంబరు చెబితే కలుపుతాం. మిగతావాళ్ళు హలో హలో అని అరిచి పెట్టేస్తారు. ఊరంతా గగ్గోలు పెట్టింది. పై అధికారి రెండుసార్లు వచ్చి మా వెనక నిలబడి బతిమాలాడు. ఇంకొక్క పూట గడిస్తే దిగొచ్చేవాడే.

అప్పుడు ఏడో నంబరు మాట్లాడింది. తలకి హెడ్‌సెట్ ఉంది కాబట్టి ఏమందో నాకు వినపడలేదు, గొంతు మాత్రం వినపడింది. ఆ గొంతు నాకు తెలుసు. సూపర్వైజరు చప్పట్లు కొట్టి "ఏడో నంబరు డ్యూటీలో ఉంది, మీరూ కానివ్వండి" అంది. తర్వాత రెండు, తర్వాత తొమ్మిది, ఒక్కొక్కరూ నోరు విప్పారు. అందరికన్నా చివర నేను విప్పాను. రూలు అలాగే ఉండిపోయింది.

ఇంతే. నాటకం బాగా వెయ్యి. దర్జీ నీ జాకెట్టు కుట్టేశాడు, నువ్వు వస్తే ఇస్తాను.

మీ అత్త

*

రిహార్సల్ గది,
పెయింటు వాసన

స్టూలు అత్తకి,

నీ ఉత్తరం గోడకి అంటించేశాం. దాన్ని పట్టుకునే సెట్టు కడుతున్నాం. చోటు చాలక మీ బోర్డుల్లో ఆరింటినే పెట్టాం, నంబర్లు మాత్రం మీవే. కరెంటు పని చేసే అన్నయ్య వాటికి దీపాలు అమర్చాడు. అన్నీ నా దగ్గరున్న మీటలతో వెలుగుతాయి. తాతగారి దీపం కూడా పెట్టించాను, ఏడో బోర్డు పై వరస, చివర. చూస్తే మురిసిపోతావు.

అయితే ఒక యుద్ధం జరిగింది. నేను బోర్డుల్ని జనం వైపు పెట్టాను, నటుల ముఖాలు కనపడాలి కదా. తీరా అంతా అయ్యాక నీ ఉత్తరం మళ్ళీ చదివితే తప్పు తెలిసొచ్చింది. మీ ముఖాలు గోడకి కదా ఉండేది! అంటే జనానికి నా ఆరుగురి వీపులే కనపడాలి. "వీపుతో ఏడవడం ఎలాగమ్మా?" అని రెండో నంబరు వేషం వేసే ఆవిడ నిలదీసింది. ఒక పూటంతా వాదించుకున్నాం. చివరికి గోడ వైపే తిప్పించాను. ఇప్పుడు మా వాళ్ళు వీపులతోనే ఏడుస్తున్నారు, నిజంగా. ఎవరు లొంగిపోతున్నారో భుజాలు చూస్తే తెలిసిపోతోంది.

ఇంకో చిక్కు వచ్చింది. ఏడో నంబరు వేషం వేసే అమ్మాయి మొండిది. "నేనెందుకు మాట్లాడాను? కారణం తెలియకుండా నోరు తెరవలేను" అంటోంది. నీ ఉత్తరంలో నాలుగుసార్లు వెతికాం, కారణం ఎక్కడా లేదు. చెప్పవూ?

ఇంకోటి కూడా అడగనా? ఆ రూలు పోవాలని అందరికన్నా ఎక్కువ నువ్వే ఎందుకు పట్టుబట్టావు?

పిచ్చుక

*

మేడ మీద గది

పిచ్చుకా,

కారణం నాకేం తెలుసు? ఆర్నెల్లు తిరక్కుండా ఏడో నంబరు సూపర్వైజరు అయింది. మా వెనకాల తిరగడం మొదలుపెట్టింది. ఇంతకన్నా కారణం కావాలా? మీ మొండి అమ్మాయికి ఇది చెప్పు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

నేనెందుకు పట్టుబట్టానంటే, నాకప్పుడు పెళ్ళి కుదిరింది. స్తంభాలెక్కి తీగలు సరిచేసే లైన్‌మన్. మంచివాడు, నవ్వు మొహం. నా ఉద్యోగం నాకుండాలి, అతనూ ఉండాలి అనుకున్నాను. అదేం అత్యాశ? రూలు పోతుందని చాలాకాలం ఆగాడు పాపం. తర్వాత ఆగలేకపోయాడు. అతన్ని తప్పుపట్టను. ఆ రూలు తర్వాతెప్పుడో పోయింది. అప్పటికి నన్ను పెళ్ళి చేసుకునేవాళ్ళూ లేరు, నాకూ ఆ సరదా లేదు.

ఏడో నంబరూ నేనూ ఒకే అద్దె గదిలో ఉండేవాళ్ళం. ఒక గొడుగు, ఒక అద్దం, ఒక భోజనం డబ్బా. వానొస్తే గొడుగు నా వైపే వంచి పట్టుకునేది, తన భుజం తడిసిపోయేది. ఆ సాయంత్రం నా పెట్టె సర్దుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత అన్నేళ్ళూ ఒకే గదిలో పనిచేశాం. పని మాట తప్ప ఇంకో మాట లేదు.

ఇది నాటకంలో పెట్టకు. గొడుగు సంగతి అసలు పెట్టకు.

మీ అత్త

*

పాత ఎక్స్చేంజి, పై అంతస్తు,
నాటకం మర్నాడు పొద్దున

అత్తా,

గొడుగు పెట్టలేదు. ఒట్టు. నీకు నచ్చని మాట ఒక్కటీ పెట్టలేదు. కానీ ఇప్పుడు చెప్పబోయేది కూర్చుని చదువు.

నాటకాలు మొదలయ్యాయి. మొదటి రోజే బట్టల కొట్లో పనిచేసే ఒకావిడ "ఆగండి" అంది. పెద్ద కొట్టు, పేరు చెప్పను. అక్కడ అమ్మే ఆడవాళ్ళు కొట్టు తెరిచినప్పటి నుంచి మూసేదాకా కూర్చోకూడదట. కొనేవాళ్ళు లేకపోయినా సరే. ఆవిడ రెండో నంబరుని లేపి ఆ చోటికి వెళ్ళింది, స్టూలు పక్కకి తోసేసి నిలబడింది. "మీకు స్టూలైనా ఉంది, మీ రూలు కాగితం మీదైనా ఉంది. మాకు అదీ లేదు, ఎవరినడగాలో తెలియదు" అంది. అంతే, గది గదంతా లేచింది. కాళ్ళ వాపుల గురించి, పెళ్ళి కుదిరిందనగానే వచ్చే నెల నుంచి రావద్దన్న యజమానుల గురించి, ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడారు. తలుపులు వెయ్యడానికి వాచ్‌మన్ వచ్చినా కదలరే! ఆవిడ తన కొట్లో వాళ్ళని ముగ్గుర్ని వెంటబెట్టుకుని మర్నాడు మళ్ళీ వచ్చింది.

అసలు విషయం నిన్నటిది. రెండోసారి ఆడుతున్నాం. ఏడో నంబరు నోరు తెరిచింది, సూపర్వైజరు చప్పట్లు కొట్టింది. అప్పుడు మూడో వరస నుంచి ఒక పెద్దావిడ "ఆగండి" అంది. మెల్లగా మెట్లెక్కి వచ్చింది. ఏ పాత్ర కావాలండీ అంటే వేలు పెట్టి నాలుగో నంబరుని చూపించింది. అంటే నిన్ను, అత్తా.

ఆవిడ నీ స్టూలు మీద కూర్చోలేదు. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది. సూపర్వైజరు వచ్చి భుజం తడుతున్నా లెక్కచెయ్యకుండా లేచి, నడుచుకుంటూ ఏడో బోర్డు దగ్గరికి వెళ్ళింది. మా మొండి అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, బోర్డు మీద వెలిగిన దీపం చూపిస్తూ, "ఏమైందే? ఎవరు?" అని అడిగింది. అంతే.

మా అమ్మాయి ఎంత గడుసుదైనా దాని దగ్గర జవాబు లేదు. నేను రాయలేదు కదా. బిక్కచచ్చిపోయి నన్ను చూసింది. ఆ పెద్దావిడ దాని బుగ్గ తట్టి, "పరవాలేదమ్మా, నాలుగో నంబరు వచ్చి అడిగింది, చాలు" అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నువ్వు ఎవరనుకుంటున్నావో నేనూ అదే అనుకుంటున్నాను.

పిచ్చుక

*

మేడ మీద గది

ఏమే,

అందరూ చూస్తుండగా నా స్టూలు దగ్గరికొచ్చి నా పాత్ర వేస్తుందా? నేనేం చెయ్యాల్సిందో నాకు నేర్పుతుందా? ఎంత పొగరు! మీ పద్ధతి కూడా పద్ధతేనా, దారిన పోయేవాళ్ళంతా వచ్చి ఇంకొకళ్ళ బతుకు దిద్దిపోవడం? నీకు చెప్పడమే నాది బుద్ధి తక్కువ. ఇంక ఈ నాటకం గురించి నాకు రాయకు.

మీ అత్త

ఆవిడకి కళ్ళద్దాలున్నాయా? మెట్లు ఎక్కేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకున్నారా? ఒక్కతే వచ్చిందా? గొంతు ఎలా ఉంది? మాట చివర కొంచెం పైకి లేస్తుందా? జుట్టంతా తెల్లబడిందా? వెళ్ళేటప్పుడు వాన పడుతోందా?

*

పాత ఎక్స్చేంజి

కోపం తగ్గని మా అత్తకి,

కళ్ళద్దాలున్నాయి, దారంతో మెళ్ళో వేలాడుతుంటాయి. చెయ్యి ఎవరూ పట్టుకోలేదు, మావాడొకడు పోతే వద్దంది. ఒక్కతే వచ్చింది. గొంతు మాట చివర పైకి లేస్తుంది. జుట్టు తెల్లగా, నీకన్నా ఒత్తుగా ఉంది (ఈ మాటకి నన్ను కొట్టకు). వాన లేదు. చేతిలో గొడుగుంది.

ఆ రోజు నుంచి ప్రతి ఆటకీ వస్తోంది. అదే మూడో వరస. ఇంక "ఆగండి" అనడం లేదు. నాలుగో బోర్డు వైపే చూస్తూ కూర్చుంటుంది. మా మొండి అమ్మాయి ఆవిడని ఇంటిదాకా దింపి వస్తోంది. ఎంత అడిగినా కారణం చెప్పలేదట. "అడగాల్సినవాళ్ళు అడిగితే చెప్తాను" అందట.

అత్తా, నీ మీద నాకున్న ప్రేమ కొద్దీ అడుగుతున్నాను. ఆవిడ నేర్పడానికి రాలేదేమో. నువ్వొచ్చి అడిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకుందామని వచ్చిందేమో. ఈ నెల చివరి ఆదివారం మా ఆఖరి ఆట. ఆ తర్వాత భవనం మాది కాదు, బోర్డులు విప్పేస్తాం. నీకు మొదటి వరసలో చోటు ఉంచుతాను. రాకపోతే ఖాళీగానే ఉంటుంది, ఎవరినీ కూర్చోనివ్వను.

పిచ్చుక

*

మేడ మీద గది

పిచ్చుకా,

నేను రాను. ఈ వయసులో రైలెక్కి వచ్చి, నా కథ నేను టికెట్టు కొనుక్కుని చూడాలా? పైగా మోకాళ్ళ నొప్పులు. పైగా దర్జీ ఊరెళుతున్నాడు, కింద తాళం ఎవరు చూస్తారు? పైగా నాకు కట్టుకోవడానికి మంచి చీర లేదు.

మొదటి వరస వద్దు. బోర్డులు మరీ దగ్గరైతే కళ్ళకి గుచ్చుకుంటాయి. కొంచెం వెనక, పక్కగా ఉంచు. మూడో వరస మాత్రం కాదు.

ఆదివారం పొద్దున బండి మీ ఊళ్ళో ఎన్నింటికి ఆగుతుంది?

మీ అత్త

*

పాత ఎక్స్చేంజి,
సోమవారం, బోర్డులు విప్పుతున్న చప్పుడు మధ్య

అత్తా,

ఎక్కడికి మాయమయ్యావు? చెప్పులు మెట్ల దగ్గరే వదిలేసి వెళ్ళిపోయావు! నీ సంచీ నా దగ్గరే ఉంది. మా మొండి అమ్మాయి "ఏడో నంబరు వాళ్ళింటికి వెళ్ళారు, నేను చూశాను" అంది కాబట్టి పోలీసుల దగ్గరికి పోలేదు. ఈ ఉత్తరం, చెప్పులు, సంచీ అన్నీ దాని చేతికిచ్చి పంపుతున్నాను. నేను రాకపోవడానికి కారణం, రమ్మంటావో వద్దంటావో తెలియకపోవడమే.

నిన్న నాకేం కనపడిందో చెబుతాను. మిగతాది నువ్వు చెప్పాలి.

నేను దీపాల మీటల దగ్గర, గది చివర ఉన్నాను. రెండోసారి ఆడుతుంటే, ఏడో నంబరు నోరు తెరవక ముందే "ఆగండి" అన్నావు. నీ గొంతు వెంటనే గుర్తుపట్టాను. నువ్వు నీ బోర్డు దగ్గరికి వెళతావనుకున్నాను. వెళ్ళలేదు. మా మొండి అమ్మాయిని లేపి ఏడో నంబరు స్టూలు మీద కూర్చున్నావు. హెడ్‌సెట్ పెట్టుకున్నావు. నీ వీపు నిటారుగా ఉంది.

ఆ సీనులో మామూలుగా నేను వెలిగించేవి వేరే దీపాలు. కంగారులో నా చెయ్యి చివరి మీట మీద పడింది. పై వరసలో చివరి దీపం వెలిగింది. వెంటనే ఆర్పేద్దామనుకున్నాను. కానీ నువ్వు దాన్ని చూసి రాయిలా అయిపోయావు. చెయ్యి తీగ మీదే ఉండిపోయింది. అప్పుడు ఇంక ఆర్పలేదు.

మూడో వరస నుంచి ఆవిడ లేచి వచ్చింది. నీ పక్కన నిలబడి ఏదో అంది. నువ్వు తల తిప్పావు. ఏదో అన్నావు. ఇద్దరి వీపులూ మా వైపు, గొంతులు మరీ చిన్నవి, ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. నటుల ముఖాలు గోడ వైపు కాకుండా మా వైపు తిప్పి పెట్టి ఉంటే వినేదాన్నేమో! ఇదంతా నువ్వు పెట్టిన పద్ధతే. తర్వాత నీ భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. ఇన్నాళ్ళుగా వీపులు చదవడం వచ్చేసిందనుకున్నాను గానీ, నీ వీపు చదవలేకపోయాను.

జనం చప్పట్లు కొట్టలేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి నిలబడ్డారు.

ఏమన్నారత్తా?

పిచ్చుక

*

ఏడో నంబరు వాళ్ళిల్లు,
కిటికీ పక్కన

నా బంగారు పిచ్చుకా,

చెప్పులు అందాయి. అవి లేవని ఇక్కడికి వచ్చేదాకా నేను చూసుకోలేదు. రోడ్డంతా ఒకే గొడుగు కింద నడిచాం, వాన లేకపోయినా. తాను వేసింది, నేను వద్దనలేదు.

నేను ఆ స్టూలు మీద కూర్చున్నది ఆమెని ఏడిపించడానికి. నిజం చెబుతున్నాను. సూపర్వైజరు కుర్చీ కోసం నోరు తెరిచానని ఆమె పాత్రలో కూర్చుని నా నోటితో చెబుదామని రైల్లో అంతా అనుకుంటూ వచ్చాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా కూర్చున్నాక నువ్వు పెట్టించిన తాతగారి దీపం వెలిగింది. నాలుగో బోర్డు నుంచి ఏడో బోర్డు దీపాలు కనపడవు. తల తిప్పనివ్వరు కదా. అన్నేళ్ళు ఆ గదిలో ఉండి కూడా ఆ దీపం ఆ చోటు నుంచి నేనెప్పుడూ చూడలేదు. తాతగారి సంగతి నీకు తమాషాగా రాసింది నేనే. ఆ రోజు కూడా పొద్దున అదే వేళకి ఆయన ఫోన్ చేసి ఉంటాడని మాత్రం నాకెన్నడూ తట్టలేదు.

అప్పుడు ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. నా పాత్ర వెయ్యలేదు. తాతగారి మాటలు చెప్పింది.

"అమ్మాయ్, ఉన్నావని తెలుసు. ఊపిరి వినపడుతోంది. నా మీద కోపమొచ్చిందా?"

ఇదీ ఆ రోజు ఆయన ఏడో నంబరుని అడిగింది. చూపు లేని మనిషి, రోజు మొత్తం మీద ఆయనతో మాట్లాడే గొంతు అదొక్కటే. ఆమె "లేదండీ" అంది. అంతే అంది. ఆ ఒక్క మాటకే అంతా అయిపోయింది.

ఆ మాటలు ఆమె నా చెవి పక్కన చెబుతుంటే అవి తాతగారు ఆమెని అడుగుతున్నట్టు లేదే. ఆమె నన్ను అడుగుతున్నట్టుంది. ఇన్నేళ్ళుగా అడుగుతున్నట్టుంది. నేను తల తిప్పి "లేదు" అన్నాను. నువ్వు చూసిన భుజాలు ఏడ్చినవే. మా ఇద్దరివీ.

ఇంటికొచ్చాక కడిగేశాను. "ఆ రోజే చెప్పొచ్చు కదే?" అన్నాను.

"పెట్టె సర్దుకుంటున్నావు. వీపు నా వైపు పెట్టి సర్దుకుంటున్నావు. నీ వీపుతో ఎలా మాట్లాడను?" అంది.

"మరి సూపర్వైజరు ఎందుకయ్యావు?"

"ఆ రోజు తర్వాత వరసలో కూర్చుంటే ఇటు పక్క, అటు పక్క ఎవరూ నాతో పలికేవారు కాదు. వెనకాల నడుస్తుంటే కాస్త ఊపిరాడేది" అంది. ఇంకోటి కూడా చెప్పింది. తాను వచ్చాక తల తిప్పితే భుజం తట్టడం మానేసిందట. అందరూ ఇటూ అటూ చూసుకుని నవ్వుకునేవారట. నాకు తెలియనే లేదు. తెలియాలంటే నేను తల తిప్పి ఉండాలి కదా.

నా పెళ్ళి ఆగిపోయినందుకు కోపం ఇప్పటికీ ఉంది, పిచ్చుకా. అది రూలు మీద. అది ఆయనెవరో పెద్ద బల్ల వెనక కూర్చుని రాసిన రూలు. అది రాసిన మనిషి మా గదిలోకి వచ్చి ఒక్క పూట బతిమాలి పోయాడు. నేను మాత్రం జీవితమంతా ఆ కోపాన్ని మూడు స్టూళ్ళ అవతల కూర్చున్న మనిషి మీద మోపాను. ఆమె దగ్గరగా ఉంది కాబట్టి.

నాలుగు రోజులుండి వస్తాను. ఇక్కడ అద్దం ఒకటే ఉంది, పొద్దున్నే పోట్లాట మొదలైంది. నాకు హాయిగా ఉంది.

నీ నాలుగో నంబరు అత్త

తాతగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడట. పోయేదాకా రోజూ ఫోన్ చేశాడట.

*

కొత్త రిహార్సల్ గది,
ఇంకా కుర్చీలు రాలేదు

మా ఇద్దరత్తలకి,

ఏడో నంబరు అత్తా, పరిచయం లేకుండానే అత్తా అనేస్తున్నాను, మా అత్త సగం మీదే కాబట్టి. అద్దం విషయంలో మాత్రం మీరు తగ్గకండి.

మీకు ఒక కబురు. మీరిద్దరూ "ఆగండి" అన్న రెండు ఆటలూ చూసిన బట్టల కొట్టు ఆవిడ నిన్న వచ్చింది. ఆవిడా, వెంట వచ్చిన ముగ్గురూ కలిసి, మొన్న కొనేవాళ్ళు లేని వేళ చూసి నలుగురూ ఒక్కసారే నేల మీద కూర్చున్నారట. మేనేజరు వచ్చి గుడ్లురిమాడు. ఒకమ్మాయి లేచి నిలబడిపోయింది. దాంతో మిగతా ముగ్గురూ లేవాల్సొచ్చింది. అంతా నీరుగారిపోయింది.

నేను వింటూ ఉసూరుమన్నాను. "ఆ అమ్మాయితో ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదా?" అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మీ నాటకం చూసొచ్చాక కూడానా?" అంది. ఆ సాయంత్రమే కొట్టు మూశాక ముగ్గురూ కలిసి ఆ అమ్మాయి ఇంటికెళ్ళారట. మంచం మీద కూర్చుని, టీ తాగి, "ఏమైంది? ఎవరు?" అని అడిగారట. ఆ అమ్మాయి చెప్పిందట. ఏం చెప్పిందని నేనడిగితే, అది నాకు చెప్పాల్సింది కాదంది. సోమవారం మళ్ళీ కూర్చుంటారట, నలుగురూ.

వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "మీ అత్తలిద్దరికీ చెప్పండి" అంది. "మేం ఆ రోజే అడిగాం."

మీ పిచ్చుక